పై రెండు మళ్ళు

గల్ఫ్‌లో, ముఐథర్ అనే పేటలో నేను వంట చేసే ఇంటికి ఆవిడ నాకన్నా రెండేళ్ళు ముందే వచ్చింది. పిల్లల్ని చూసుకోవడం ఆవిడ పని, వంటిల్లు నాది. ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న చిన్న గదిలో మా ఇద్దరి మంచాలూ ఉండేవి. ఆవిడది ఇండోనేషియా, జావా దీవిలో పడమటి కొండల్లో ఒక పల్లెటూరు. నాది గోదావరి కాలవల కింద ఊరు. ఆవిడ నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. వాళ్ళ భాషలో అక్కని తేతే అంటారని చెబితే నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. నేను నేర్పిన చెల్లెమ్మా ఆవిడ నోట్లో సెలమ్మా అయింది. మా మాటల్లో సగం అరబ్బీ, కొంత హిందీ, మిగతాది చేతులతో చెప్పుకోవడం. ఇక్కడ ఆవిడ మాటలుగా రాస్తున్నవన్నీ నాకు అలా అర్థమైనవే.

మమ్మల్ని దగ్గర చేసింది అన్నమే. నేను వచ్చిన మొదటి వారంలో అన్నం వార్చి గంజి పారబోస్తుంటే పక్కనే నిలబడి చూసింది. వాళ్ళ ఊళ్ళో సగం ఉడికాక తీసి, వెదురుతో అల్లిన, అడుగు మొన తేలిన బుట్టలో పోసి ఆవిరి మీద పెడతారట. పొలంలో నిలబడి ఉన్నదానికి ఒక పేరు, దంచాక ఒక పేరు, కంచంలోకి వచ్చాక ఇంకో పేరు అని వేళ్ళ మీద చెప్పింది. నేను మా వరి, వడ్లు, బియ్యం, అన్నం చెప్పాను. మా మామాకి, అంటే ఇంటి యజమానురాలికి, అన్నిటికీ ఐష్ అనే ఒక్క మాటే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో వాళ్ళు పడుకునేవాళ్ళు. మాకు దొరికే ఖాళీ అదే. ఆ వేళ తేతే ఫోన్ తీసి తన ఊరు చూపించేది. కొండవాలు మీద మెట్లు మెట్లుగా వరిమళ్ళు, ఇంటి ముందు చేపల గుంట, గుంట మీద వాలిన అరటి చెట్లు. ఊరంతా కలిపినా మా వీధంత ఉండదు. ఆ ఊళ్ళో ఎవరూ గొంతు పెంచరని ఎంతో గొప్పగా చెప్పేది. పై మడి నుంచి కింది మడిలోకి నీళ్ళు దిగే చప్పుడు ఇంట్లో కూర్చున్నా వినిపిస్తుందట. కోతల రోజున ఎవరూ ఎవరినీ పిలవరు. పంట పండిందని అందరికీ కనిపిస్తుంది కాబట్టి పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడతారు. కోసినవాళ్ళు తమ వంతు ధాన్యం పట్టుకుని వెళ్ళిపోతారు. నాకది నమ్మబుద్ధి కాలేదు. మా వైపు కాలవ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అరుచుకోకపోతే పనే జరగదు.

ఆ మెట్ల మళ్ళలో ఏడు తేతేవి. భర్త పెళ్ళయిన మూడో ఏడే వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లల్లేరు. తమ్ముడి కూతుర్ని పుట్టిన దగ్గర్నుంచి చంకనేసుకుని పెంచి, ఆ పిల్లకి ఆరేళ్ళు వచ్చాక మొదటిసారి సౌదీ వెళ్ళింది. ఆ తర్వాత ఈ దేశానికి వచ్చి, మా ఇంటికి రాకముందు చాలా ఏళ్ళు వేరే ఇళ్ళలో చేసింది. కాంట్రాక్టు పూర్తయినప్పుడల్లా ఒకటో రెండో మళ్ళు కొంది. అన్నీ పక్కింటి ముసలాయన దగ్గర కొన్నవే, వాటి పైనున్న పొలం ఇంకా ఆయనదే. పై రెండు మళ్ళు సౌదీ కష్టం. ఆ ఇంట్లో మంచాన పడ్డ ఒక పెద్దావిడకి రెండేళ్ళు స్నానాలు చేయించిందట. ఆ రెండేళ్ళలో గుమ్మం దాటింది లేదు. మిగతా ఐదూ ఇక్కడి పిల్లల్ని పెంచి కొన్నవి. ఊటనీళ్ళు పుట్టేది పై రెండు మళ్ళ తల దగ్గరే కాబట్టి అవి ఎవరివైతే నీళ్ళు వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

ఆ ఊళ్ళో పొలానికి కంచె లేదు, రాయి లేదు. హద్దు తెలియడానికి ఎర్రాకుల మొక్క నాటుతారు. కాగితమంటే ఒక స్టాంపు అంటించిన రసీదు, దాని మీద ఊరి పెద్ద సంతకం. అది చాలా అని నేను అడిగితే, అందరికీ తెలిసిన దానికి కాగితమెందుకు అంది.

నేను ఇక్కడికి వచ్చిన మూడో ఏడు, ఆవిడ పెంచిన ఆ పిల్లకి పెళ్ళయింది. పెళ్ళికొడుకు ఆ పక్కింటి ముసలాయన మనవడే. ముసలాయన అప్పటికే పోయాడు. ఇంటికి పెద్ద ఆయన కొడుకు, అంటే పిల్లకి మామగారు. తేతే పెళ్ళికి వెళ్ళలేకపోయింది, ఫోన్‌లోనే చూసి ఏడ్చింది. పొలమంతా చివరికి ఆ పిల్లకే అని ఎప్పుడూ చెబుతుండేది. ఆ పిల్ల రోజూ మెసేజ్ పెట్టేది. ఊవా అని పిలిచేది. తండ్రి అక్కని వాళ్ళు అలా అంటారట.

మరుసటేడు వాళ్ళ ఊరికి సర్కారు కొలతలవాళ్ళు వస్తారని కబురొచ్చింది. ఊరు ఊరంతా కొలిచి ఎవరి పేరున వాళ్ళకి పట్టా ఇస్తారట. కొలిచే రోజు సొంతదారు హద్దు మీద నిలబడాలి, పక్క పొలంవాళ్ళు అవునని చెప్పాలి. తేతే సెలవడిగింది. మామాకి అప్పుడు ఏడో నెల. కాన్పు అయ్యాక వెళ్ళు, ఇన్‌షా అల్లా, అంది మామా. ఆవిడ చెడ్డది కాదు. కాన్పు ముందు పిల్లల్ని ఎవరి మీద వదలాలన్న భయం ఆవిడది. తేతే ఇంకోసారి అడగలేదు. తన బదులు తమ్ముణ్ణి నిలబడమని చెప్పింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. అక్కడ పొద్దెక్కింది, మాకింకా తెల్లవారుతోంది. నేను పిల్లల స్కూలు డబ్బాల్లోకి గుడ్లు ఉడకబెడుతున్నాను. తేతే ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టింది. తమ్ముడు పొలం గట్టున నిలబడి వీడియో కాల్ చేశాడు. కొలతలవాళ్ళు ఇద్దరు, ఊరి ఆఫీసు మనిషి ఒకడు, పిల్ల మామగారు ఉన్నారు. మామగారు చెయ్యి చాపి ఎర్రాకుల మొక్కల వరస చూపించాడు.

నాకా భాష ఒక్క ముక్క రాదు. కానీ ఆ పొలం ఫొటోలు ఎన్ని మధ్యాహ్నాలు చూశానో. మొక్కలు ఉండాల్సింది ఊట పక్కన, మొదటి మడికి పైన. అవి రెండు మళ్ళు కిందికి దిగి ఉన్నాయి. వేళ్ళ దగ్గర మట్టి కొత్తగా, తడిగా ఉంది. కొలతల మనిషి తమ్ముణ్ణి ఏదో అడిగాడు. తమ్ముడు ఫోన్ వైపు చూశాడు, తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు, తలూపాడు. టేపు పట్టుకుని వాళ్ళు కిందికి నడిచారు.

తేతే ఎదురుగానే ఫోన్ ఉంది. అక్కడ అందరికీ ఆవిడ గొంతు వినిపిస్తుంది. ఒక్క మాటా అనలేదు. కాల్ అయిపోయాక గుడ్లు ఒలవడం మొదలుపెట్టింది.

"తేతే, మొక్కలు జరిపారు కదా?" అన్నాను.

"మాఫీ ముష్కిలా," అంది. ఏం ఫరవాలేదని.

ఆ తర్వాత ఫోన్‌లో ఊరు చూపించడం మానేసింది. మధ్యాహ్నాలు గోడ వైపు తిరిగి పడుకునేది. మామాకి మగపిల్లాడు పుట్టాడు. ఇంటి నిండా చుట్టాలు, నాకు వంటిల్లు దాటే తీరిక లేదు. పసివాణ్ణి ఎత్తుకుని తేతే గదుల్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. తినడం తగ్గించింది. నలభై రోజులు గడిచాక, చుట్టాల రాకపోకలు తగ్గిన ఒక మధ్యాహ్నం, తనంతట తనే చెప్పింది. తమ్ముడు నోరెందుకు మెదపలేదో అడిగిందట. పిల్ల వాళ్ళింట్లో ఉంది కదా అన్నాడట. ఎలాగూ రేపు పొలం పిల్లదే, అంటే ఆ ఇంటిదే, రెండు మళ్ళు ముందే వెళితే ఏమైందన్నాడట. తేతేని మళ్ళ కన్నా ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. ఇవ్వడం వేరు, తను బతికుండగా తనని అడక్కుండా హద్దు జరపడం వేరు అంది.

నాకు ఒళ్ళు మండింది. దానికి నా కారణం నాకుంది. మా ఆయన చనిపోయిన ఏడాది మా పక్క చేను ఆయన గట్టు చెక్కడం మొదలుపెట్టాడు. దుక్కి దున్నినప్పుడల్లా పారతో జానెడు. ఆడది ఒక్కతే, ఏం చేస్తుందిలే అనుకున్నాడు. నేను గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా అరిచాను. పెద్దలొచ్చారు, సర్వేయరొచ్చాడు, రాళ్ళు పాతారు. పోయిన నేలంతా తిరిగొచ్చింది. ఆయనా నేనూ ఆ పండక్కే మళ్ళీ పలకరించుకున్నాం. ఇప్పటికీ నా చేను నీళ్ళు చూసేది ఆయనే. అందుకని నోరు తెరిస్తే న్యాయం జరుగుతుందని నా నమ్మకం. తేతేకి అదంతా చెప్పాను. ఒకసారి కాదు, రోజూ చెప్పాను. ఏడేడు పధ్నాలుగేళ్ళు పరాయి పిల్లల ముక్కులు తుడిచి కొన్నది ఎవడికో వదిలేస్తావా అన్నాను. తమ్ముడికి చెప్పి లాభం లేదు, అందరూ వినేచోట చెప్పు అన్నాను.

వాళ్ళ ఊరివాళ్ళకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళు, హాంకాంగ్‌లో ఉన్నవాళ్ళు, సౌదీలో ఉన్నవాళ్ళు, అందరూ అందులోనే. పెళ్ళిళ్ళూ చావులూ అందులోనే తెలుస్తాయి.

ఆ వారం కూరగాయలకి అబూ హమూర్ మార్కెట్‌కి వెళుతూ మా డ్రైవర్ భాయ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆయనది జగిత్యాల. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నేను చెప్పిందంతా విన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు:

"ఊళ్ళె పంచాయతి ఊళ్ళెనే తెగాలె అక్కా. ఈడికెల్లి ఫోన్ల తెంపద్దు. ఆమె ఊరు మన ఊరసొంటిది కాదేమో, నీకేమెరుక?"

నాకు నచ్చలేదు. మగవాళ్ళు ఎప్పుడూ ఇలాగే అంటారు అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మామావాళ్ళు పుట్టింటికి వెళ్ళారు. తేతే మంచం మీద కూర్చుని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. రెండుసార్లు నొక్కి వదిలేసింది. మూడోసారి నేను భుజం మీద చెయ్యి వేశాను. అప్పుడు మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. చాలాసేపు మాట్లాడింది. ఏ మడి ఏ ఇంట్లో ఎన్నేళ్ళు పనిచేసి కొన్నదో ఒక్కొక్కటే చెప్పిందని తర్వాత నాకు చెప్పింది. సౌదీ పెద్దావిడ సంగతి కూడా. ఎర్రాకుల మొక్కలకి కాళ్ళు లేవు కదా అని చివర్లో అందట. అయిపోయాక ఫోన్ దిండు కింద పెట్టేసింది. నేను టీ పెట్టి ఇచ్చాను. ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. విన్నట్టు గుర్తులు మాత్రం ఒక్కొక్కటే నీలంగా మారాయి. సాయంత్రానికి అందరూ విన్నారు. మరునాడు ఎవరో వాన ఫొటో పెట్టారు. ఆ తర్వాత ఎవరింట్లోనో ప్రార్థనలకి రమ్మని పిలుపు. తేతే మాట గురించి ఒక్క అక్షరం లేదు. నేనైతే ఎదురు తిట్లు వస్తాయనుకున్నాను. తిట్లకి నా దగ్గర సమాధానాలు ఉన్నాయి.

పదిరోజులకి తమ్ముడు ఫోన్ చేశాడు. పిల్ల మామగారు తనే ఊరి ఆఫీసుకి వెళ్ళి, పొరపాటు జరిగింది, ఏడు మళ్ళూ ఆవిడవే అని రాసిచ్చాడట. మొక్కలు పెరికి మళ్ళీ పైన నాటించాడట. నేను చప్పట్లు కొట్టబోయాను. తేతే మొహం చూసి ఆగిపోయాను. తమ్ముడు ఇంకా చెబుతున్నాడు. ఆ రోజు పొద్దున అత్తామామలిద్దరూ పిల్లని వెంటబెట్టుకుని వచ్చారట. పిల్ల బట్టలు, కుక్కరు, పెళ్ళికి తేతే పంపిన దుప్పట్లు అన్నీ మడతపెట్టి తెచ్చారట. కూర్చున్నారు, కాఫీ తాగారు, పొలం ఎలా ఉందని అడిగారు. కొన్నాళ్ళు పిల్ల ఇక్కడే ఉంటే మంచిదేమో అన్నారు. లేచి దండం పెట్టి వెళ్ళిపోయారు. ఎవరూ ఒక్క కఠినమైన మాట అనలేదు. పిల్లకి అప్పుడు మూడో నెల.

ఆ రోజు నుంచి పిల్ల మెసేజ్‌లు ఆగిపోయాయి. తేతే పెట్టిన వాటికి నీలం గుర్తులు పడేవి, అంతే.

నేను ఏమేమో చెప్పాను. కోపాలు తగ్గుతాయన్నాను, బిడ్డ పుడితే వాళ్ళే వచ్చి తీసుకెళ్తారన్నాను. మా ఊళ్ళో అయితే అంతే జరుగుతుంది. తేతే వినేది, పసివాడి బట్టలు మడతపెట్టేది. నా మీద కోపం చూపించలేదు. చూపిస్తే బాగుండుననిపించేది.

కాంట్రాక్టు పూర్తయ్యాక మామా రెండు నెలల సెలవిచ్చింది. అప్పటికి పిల్లకి పుట్టిన బిడ్డకి బట్టలు, పిల్లకి సబ్బులు, ఖర్జూరం సర్దుకుని వెళ్ళింది. డ్రైవర్ భాయ్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు. మూడు వారాలు తిరక్కుండానే మామాకి ఫోన్ చేసి వచ్చేస్తానంది. మామా సంతోషించింది, పసివాడు ఆవిడ కోసం బెంగపెట్టుకున్నాడు మరి.

తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, అడక్కుండానే చెప్పింది. తను వెళ్ళేసరికి వరి పండి ఉంది. పొద్దున్నే తమ్ముడూ తనూ కొడవళ్ళు పట్టుకుని పొలానికి వెళ్ళారు. గట్టు మీద ఎవరూ లేరు. ఎండెక్కేదాకా ఆగారు. దారిన పోయేవాళ్ళు నవ్వుతూ పలకరించారు, ఎప్పుడొచ్చావు, తిన్నావా అని అడిగారు. ఒక్కరూ పొలంలోకి దిగలేదు. ఇద్దరే కోయడం మొదలుపెట్టారు. మూడో రోజుకి తమ్ముడికి నడుము పట్టేసింది. పై రెండు మళ్ళు కోసే దిక్కులేక వాన తగిలి వాలిపోయాయి. గింజ తడిసి మొలకెత్తింది. ఊటనీళ్ళు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయట. వాటిని కింది పొలాలకి వదలమని ఎవరూ అడగలేదు. తనే తెల్లారకముందు వెళ్ళి గండి కొట్టి వదిలి వచ్చేదట.

"పిల్ల?" అన్నాను.

పిల్ల బిడ్డని చేతికిచ్చిందట. టీ తెచ్చి పెట్టిందట. ఊవా అని మాత్రం పిలవలేదు. ఇబూ అందట. అది వాళ్ళు కొత్త ఆడవాళ్ళని, ఆఫీసుల్లో అమ్మగార్లని మర్యాదగా పిలిచే మాట. తేతే అది చెప్పేటప్పుడు ఏడవలేదు. ఆ మాట మాత్రం రెండుసార్లు పలికి చూపించింది, నాకు సరిగ్గా అర్థమైందో లేదో అని.

నేను అప్పటిదాకా అడగలేని మాట అడిగాను.

"నా మీద కోపంగా ఉందా తేతే? నేనే కదా చెప్పమన్నది."

మంచం కింది పెట్టె ముందుకి లాక్కుంది.

"నువ్వు చెప్పావు. మాట్లాడింది నేను. వాళ్ళు మొక్క జరిపినప్పుడు నాకు భూమి పోయింది, ఊరు ఉంది. ఇప్పుడు భూమి ఉంది."

పెట్టె తీసి పట్టా చూపించింది. ప్లాస్టిక్ కవర్లో, మడత పడకుండా అట్ట పెట్టి తెచ్చుకుంది. తన పేరు ఎక్కడుందో వేలుతో చూపించింది. ఊరి పటంలో ఆ ఏడు మళ్ళూ నా గోరంత ఉన్నాయి. బాగుంది అన్నాను.

తర్వాత చాలా రోజులు నేనే సరిగ్గా నిద్రపోలేదు. నా గట్టు నాకు దక్కిన పద్ధతి లోకమంతా పనిచేస్తుందని ఎందుకనుకున్నానో. అరిచిన మర్నాడు పలకరించుకునే ఊరు నాది. తేతే ఊళ్ళో అరవడమే తెలియదు కాబట్టి మర్చిపోవడమూ తెలియదేమో. అయినా ఊరుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ గట్టిగా అనలేను. ఆవిడ రోజూ గోడవైపు తిరిగి పడుకున్న ఆ నెలలు కూడా నేను చూశాను. ఈ రెండింటి మధ్య నాకు దారి దొరకలేదు. అమలాపురంలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయికి ఫోన్‌లో ఇదంతా చెబితే, నువ్వు మంచికే చెప్పావు కదమ్మా అంది. మంచికే చెప్పాను. తేతే పెంచిన పిల్ల ఇప్పటికీ పుట్టింట్లోనే ఉంది.

ఆరు నెలల క్రితం మామా చెల్లెలికి కవల పిల్లలు పుట్టారు. పిల్లల్ని పెంచడంలో తేతే చెయ్యి మంచిదని వాళ్ళకి తెలుసు. కాగితాలు మార్చి ఆవిణ్ణి మెసైమీర్‌లోని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. వెళ్ళే రోజు పసివాడు ఆవిడ మెడ వదలలేదు. మామా వాణ్ణి విడదీసి, యల్లా, పద, ఆలస్యమవుతోంది అంది. తేతే నాకు చెయ్యి ఊపి కారెక్కింది. ఆవిడ మంచం మీదకి కెన్యా నుంచి ఒకమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, ఇంకా మాటలు కుదరలేదు.

మొన్న పండక్కి చుట్టాలంతా మెసైమీర్‌లో కలిశారు. వంటకి నన్నూ తీసుకెళ్ళారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తేతే, నేను వాళ్ళ వంటింట్లో పక్కపక్కన నిలబడి పెద్ద పళ్ళేలు కడిగాం. చిక్కిపోయింది. పొలం సంగతి నేనే అడిగాను. వేరే ఊరి మనిషెవరికో కౌలుకిచ్చాడట తమ్ముడు. తను ఇంకో కాంట్రాక్టు రాసిందట, ఈసారి సెలవు అడగలేదట.

"నువ్వెప్పుడు ఊరికి వెళ్తున్నావు సెలమ్మా?" అని అడిగింది.

వచ్చే వేసవికి, అన్నాను. మంచిది అంది. లోపల కవలల్లో ఒకరు ఏడవడం మొదలుపెడితే చేతులు తుడుచుకుని వెళ్ళింది. నేను మిగిలిన పళ్ళేలు కడిగి, బోర్లించి, కారు వచ్చేదాకా వంటింట్లోనే కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు.